వాక్యం అర్థం ఎలా చెబుతుంది? గోదావరి రేవుల్లో పదే పదే ఎదురైన ప్రశ్నలు

కోనసీమలో డిగ్రీ, పీజీ పిల్లలకు భాషాశాస్త్రం చెబుతుంటాను. ఏటా బ్యాచ్ మారుతుంది, సందేహాలు మాత్రం అవే. క్లాసులో అడగడానికి మొహమాటపడి రాత్రిళ్ళు వాట్సాప్‌లో అడిగినవి, గోదావరి దాటించే పంటు మీద పక్కన నిలబడి అడిగినవి, పరీక్ష ముందురోజు కంగారుగా అడిగినవి అన్నీ ఇక్కడ చేర్చాను. ప్రశ్నలు వాళ్ళ మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు మన రేవుల్లో, లంకల్లో, కాలవగట్ల మీద వినిపించేవి. వీటన్నిటిలో నేను వెతికేది ఒక్కటే: వాక్యం తనంతట తాను చెప్పేదెంత, దాన్ని వాడిన మనిషి చెప్పేదెంత?

## పుస్తకం తెరవకముందు

అర్థశాస్త్రం అంటే ఎకనామిక్స్ కదండీ? భాషలో ఇదేంటి?

తెలుగులో 'అర్థం' అంటే డబ్బూ అవుతుంది, భావమూ అవుతుంది. అందుకే ఈ తికమక. భాషాశాస్త్రంలో దీన్ని అర్థవిజ్ఞానం అంటారు, సెమాంటిక్స్ అన్నా అందరికీ తెలుస్తుంది. ఆ పేరు ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రెయాల్ 1883లో పెట్టింది. ఆయన చూపంతా పదాల అర్థం కాలంతో ఎలా మారుతుందన్న దాని మీద ఉండేది. వాక్యం వైపు చూపు బాగా మళ్ళింది 20వ శతాబ్దంలోనే. వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మన మీమాంసకులు, తర్కం చెప్పిన నైయాయికులు మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే వాక్యార్థం గురించి తీవ్రంగా వాదించుకున్నారు.

మేం ఇంటర్లో చదివిన అర్థపరిణామం ఇదేనా?

కాదు. 'కంపు' ఒకప్పుడు మంచి వాసన, ఇప్పుడు చెడ్డ వాసన. 'నూనె' ఒకప్పుడు నువ్వులది మాత్రమే, ఇప్పుడు కొబ్బరినూనె కూడా నూనే. ఇలా ఒక పదం తరతరాలుగా నడిచిన దారి అర్థపరిణామం. ఈ నిమిషంలో ఒక మనిషి అన్న వాక్యం ఇంకో మనిషికి ఎలా అర్థమవుతుందో చూసేది వాక్యార్థ విచారం. పరీక్షలో రెండూ ఒకే యూనిట్లో రావచ్చు, జవాబులు కలిపేయకండి.

పదాలన్నీ తెలిస్తే వాక్యం తెలిసినట్టే కదా?

"పాము కప్పను మింగింది." "పామును కప్ప మింగింది." పదాలు అవే, 'ను' ఒక్కటే చోటు మారింది. మొదటిది రోజూ జరిగేది, రెండోది వింటే ఊరంతా చూడ్డానికి వస్తుంది. అంటే పదాల అర్థాలతో పాటు అవి ఏ పద్ధతిలో కలిశాయన్నదీ లెక్కలోకి రావాలి. వాక్యార్థం దాని భాగాల అర్థాల నుంచి, ఆ భాగాలు కలిసిన తీరు నుంచి పుడుతుందన్న ఈ మాటకే కంపోజిషనాలిటీ సూత్రమని పేరు. జర్మన్ తర్కవేత్త గోట్లోబ్ ఫ్రేగె పేరుతో దీన్ని చెప్పుకుంటారు.

ఈ సూత్రం ఎందుకు కావాలో చూడండి. "పులస కొబ్బరిచెట్టెక్కి గెల కోసింది" అన్న వాక్యం మీరు పుట్టాక ఎప్పుడూ విని ఉండరు. అయినా చదవగానే అర్థమైంది, జరిగే పని కాదని కూడా తెలిసింది. ఎవరూ ముందుగా నేర్పని వాక్యం అర్థమైందంటే, మీ దగ్గర కంఠస్థం చేసిన వాక్యాల జాబితా కాక, కలుపుకునే నేర్పు ఉన్నట్టు.

అర్థం తెలియడం అంటే అసలు ఏం తెలియడం?

"ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటింది." మీరు అమలాపురంలో ఇంట్లో కూర్చుని ఉన్నారు. ఇది నిజమో కాదో తెలియదు. కానీ నిజం కావాలంటే అక్కడ ఎలా ఉండాలో తెలుసు: ఆనకట్ట దగ్గర కొలబద్ద మీద నీళ్ళు ఆ గీత దాటి ఉండాలి. ఆ తెలియడమే వాక్యార్థం తెలియడం అన్నది ఆధునిక అర్థవిజ్ఞానంలో బలమైన ఒక మార్గం. తర్కశాస్త్రంలో సత్యానికి కచ్చితమైన నిర్వచనం ఇచ్చినవాడు ఆల్ఫ్రెడ్ టార్‌స్కీ. దాన్ని మనుషుల భాషల అర్థానికి పునాదిగా వాడుకోవచ్చని 1967లో డొనాల్డ్ డేవిడ్‌సన్ వాదించాడు. వాక్యం నిజం కావడానికి ఎలా ఉండాలో చెప్పే ఈ షరతుల్ని సత్య నిబంధనలు అంటారు.

మరి "నీళ్ళు తగ్గాయా?" అన్నదానికి నిజం, అబద్ధం ఉండవు కదా అని అడుగుతారు. ప్రశ్నకు అర్థం తెలియడమంటే ఏవి దానికి జవాబులవుతాయో తెలియడం. "పశువుల్ని విప్పు" అన్న ఆజ్ఞకు అర్థం తెలియడమంటే ఏం చేస్తే అది నెరవేరినట్టో తెలియడం.

## పదాలు కలిసే చోట

ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని బట్టీపట్టి రాస్తున్నాం. ఒక్కసారి మన భాషలో చెప్పండి.

మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వాక్యార్థజ్ఞానానికి ఈ మూడూ హేతువులని చెప్పాడు.

ఆకాంక్ష అంటే ఒక పదం ఇంకో పదం కోసం చూసే ఎదురుచూపు. "దింపాడు" అనగానే ఏమిటి దింపాడు, ఎవరు దింపాడు అని మనసు అడుగుతుంది. "సరంగు, రేవు, గేదె, కొబ్బరికాయ" అని నాలుగు మాటలు (సరంగు అంటే పంటు నడిపేవాడు) వరసగా అంటే ఏ మాటా ఇంకో మాటను పిలవదు. అది సంతకు రాసుకున్న చీటీలా ఉంటుంది తప్ప వాక్యం కాదు. అన్నంభట్టు ఉదాహరణ కూడా ఇలాంటిదే: ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు.

సన్నిధి అంటే దగ్గరదగ్గరగా వినపడటం. సఖినేటిపల్లి రేవులో పంటెక్కుతూ "కాయలు" అని, వశిష్ఠ పాయ దాటి నరసాపురంలో దిగాక "దింపించాను" అంటే పక్కనున్నవాడికి ఏం అందుతుంది?

యోగ్యత దగ్గర అందరూ తడబడతారు. శాస్త్రంలో ఉదాహరణ "నిప్పుతో తడుపు". నిప్పుకి తడిపే గుణం లేదు కాబట్టి యోగ్యత లేదు. అంతవరకు సరే. కానీ "నిప్పుతో తడుపు" మీకు అర్థం కాలేదా? అర్థమైంది కాబట్టే కుదరదన్నారు. ఉదాహరణ దగ్గరికొచ్చేసరికి అన్నంభట్టు వాడిన మాట 'ప్రమాణం కాదు' అని. నేను పిల్లల్ని ఆ మాట దగ్గరే ఆపుతాను. దాని మీద ఆధారపడి ఒక సంగతి తెలిసిందని చెప్పుకోలేం అని ఆయన అంటున్నట్టు నాకు తోస్తుంది. 1957లో భాషావేత్త చామ్‌స్కీ ఇచ్చిన పేరుమోసిన వాక్యం కూడా, రంగులేని ఆకుపచ్చ ఆలోచనలు ఉగ్రంగా నిద్రపోవడం, వ్యాకరణం నిలబడి యోగ్యత కూలిన వాక్యమే. ఆయన దాన్ని వాడింది వ్యాకరణమూ అర్థమూ వేరువేరని చూపడానికి.

నాలుగోదిగా తాత్పర్యాన్ని చెప్పేవాళ్ళున్నారు. "సైంధవం తీసుకురా" అని భోజనం దగ్గరంటే ఉప్పు, ప్రయాణం ముందంటే గుర్రం. మన దగ్గర "నీళ్ళొదిలేశారు" అని జూన్‌లో రైతు అంటే కాలవకి నీళ్ళు వచ్చాయని. అప్పిచ్చి మోసపోయినవాడు "ఆ డబ్బుకి నీళ్ళొదిలేశాం" అంటే ఆశ వదులుకున్నాడని.

కుమారిలుడి మతం, ప్రభాకరుడి మతం తేడా ఒక్క ముక్కలో చెప్పరా?

ఇద్దరూ మీమాంసకులే. కుమారిల భట్టు వర్గం ప్రకారం పదాలు ముందు తమతమ అర్థాలు చెబుతాయి, ఆ అర్థాలు తర్వాత ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఇది అభిహితాన్వయవాదం. ప్రభాకరుడి వర్గం ప్రకారం పదం అసలు విడిగా అర్థం చెప్పదు, వాక్యంలో ఇతరాలతో కలిసిన అర్థాన్నే చెబుతుంది. ఇది అన్వితాభిధానవాదం.

ప్రభాకరుల వాదంలో పసిపిల్లాడు ఉంటాడు. తాతగారు "ఆవును తీసుకురా" అన్నారు, పాలేరు తెచ్చాడు. "ఆవును కట్టెయ్" అన్నారు, కట్టాడు. "గేదెను తీసుకురా" అన్నారు. పిల్లాడు వాక్యాలే విన్నాడు, పనులే చూశాడు. మార్చి మార్చి విన్నాక 'ఆవు' ఏదో, 'తీసుకురా' ఏదో విడదీసుకున్నాడు. పశువుల పాకలో పెరిగినవాళ్ళకి ఇది వాదంలా అనిపించదు, చూసిన సంగతిలా అనిపిస్తుంది. వ్యాకరణవేత్త భర్తృహరి ఇంకా ముందుకు వెళ్ళి వాక్యమే అఖండమని, పదాలు మనం విశ్లేషణ కోసం కోసుకున్న ముక్కలని అన్నాడు.

తెలుగులో పదాల వరస ఎటు మార్చినా అర్థం మారదంటారు. నిజమేనా?

ఎవరు ఎవరిని ఏం చేశారన్నది చాలావరకు మారదు, విభక్తి కాపాడుతుంది. "సరంగు పిల్లాణ్ణి తిట్టాడు", "పిల్లాణ్ణి సరంగు తిట్టాడు" రెండిట్లోనూ తిట్లు తిన్నది పిల్లాడే. విభక్తి లేనిచోట వరస పనిచేస్తుంది: "లారీ బస్సు గుద్దింది" అంటే ముందున్న లారీయే గుద్దిందనుకుంటాం.

మారేది ఏమిటంటే, దేని గురించి మాట్లాడుతున్నాం, కొత్త సంగతి ఏది అన్నది. "పంటు ఎక్కడుంది?" అంటే "పంటు రేవులో ఉంది". "రేవులో ఏముంది?" అంటే "రేవులో పంటుంది". జవాబులు తారుమారు చేసి చెప్పి చూడండి, వినేవాడు ఒక క్షణం ఆగుతాడు.

విభక్తి పెట్టడం, పెట్టకపోవడంలో కూడా అర్థం ఉంది. "పులస కొన్నాడు" అంటే ఏదో ఒక పులస. "పులసను కొన్నాడు" అంటే మనం ఇందాకటి నుంచి బేరమాడుతున్న ఆ పులస అయ్యుండాలి. మనుషుల విషయంలో ఈ వెసులుబాటు ఉండదు. "సరంగు చూశాను" అని ఎవరూ అనరు, "సరంగుని చూశాను" అనాల్సిందే.

క్రియ లేకుండా వాక్యమెలా అవుతుంది?

"మాది అంతర్వేది." ఇది నిండు వాక్యం. నిజం కావచ్చు, అబద్ధం కావచ్చు, "కాదు" అని ఖండించొచ్చు. ఇంగ్లీషులో ఉన్న క్రియ ఇక్కడ లోపించిందనుకోకండి. తెలుగులో రెండు నామాలు పక్కపక్కన నిలిస్తే చాలు.

"అందరూ రాలేదు" అంటే ఎవరూ రాలేదనా, కొందరు రాలేదనా?

రెండూ అవుతాయి, అదే చిక్కు. లంకలోంచి జనాన్ని పునరావాస కేంద్రానికి తరలిస్తున్నారు. అక్కణ్ణుంచి "అందరూ రాలేదు" అని కబురొచ్చింది. ఒక రకంగా చదివితే 'అందరూ' పెద్దది, 'లేదు' దాని లోపల ఉంది: ఒక్కొక్కరినీ తీసుకుంటే ప్రతివారూ రాలేదు, అంటే కేంద్రం ఖాళీ. ఇంకో రకంగా చదివితే 'లేదు' పెద్దది, 'అందరూ' దాని లోపల: అందరూ వచ్చారన్న మాట నిజం కాదు, అంటే కొందరు మిగిలిపోయారు. వాక్యం ఒకటే, ఏది దేన్ని కమ్మిందన్న దాన్ని బట్టి రెండు వేరు లోకాలు. దీన్నే స్కోప్ అంటారు. ఇలాంటివాటిని లెక్కశాస్త్రంలా కచ్చితంగా రాయొచ్చని 1970ల మొదట్లో వెలువడిన పరిశోధనల్లో తర్కవేత్త రిచర్డ్ మాంటేగ్ చూపించాడు.

నోటితో చెప్పేటప్పుడు ఒత్తు, స్వరం కొంత తేల్చేస్తాయి. కాగితం మీద, మెసేజ్‌లో అవి ఉండవు. రాసేటప్పుడు "ఎవరూ రాలేదు" అనో, "కొందరే వచ్చారు" అనో రాయండి. పడవ తిరిగి పంపాలా వద్దా అన్నది ఆ తేడా మీద ఆధారపడొచ్చు.

## చిన్న ముక్కలు

'ట' ఒక్క అక్షరమే కదా, దానికి ఇంత చర్చా?

ఒక వరద రాత్రి మా ఇంటికి కబురొచ్చింది: "గట్టు తెగింది." అర్ధరాత్రి మంచాలు ఎత్తాం, బియ్యం బస్తాలు అటకెక్కించాం, ముసలామెను భుజాల మీద మోసుకుని పక్కవీధి డాబా మీదికి చేర్చాం. తెల్లారాక చూస్తే గట్టు చెక్కుచెదరలేదు. కబురు ఎలా వచ్చిందో వెనక్కి వెనక్కి అడుగుతూ పోతే, నలుగురి వెనకున్న మనిషి అన్నది "తెగిందట" అని. రెండో మనిషి "తెగిందంట" అన్నాడు. మూడో మనిషి దగ్గర ఆ ముక్క రాలిపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ రాత్రి తర్వాతే నేను ఈ ప్రత్యయాన్ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను.

'ట' చేసే పని, ఈ సంగతికి నేను సాక్షిని కాను, విన్నాను అని చెప్పడం. ఇలా ఎలా తెలిసిందో చెప్పే రూపాలు ప్రపంచంలో చాలా భాషల్లో ఉన్నాయి, ఎవిడెన్షియల్ అంటారు. దీని స్వభావం తెలియాలంటే ఖండించి చూడండి. "గట్టు తెగిందట" అంటే మీరు "అబద్ధం" అన్నారు. మీరు కాదన్నది గట్టు తెగడాన్ని. ఆయన విన్నాడన్న దాన్ని మీరు ముట్టుకోలేదు. అంటే 'ట' అర్థం వాక్యం ప్రధానంగా చెప్పేదానికి పక్కన, వేరే అరలో కూర్చుంటుంది. మన గురించి మనం చెప్పుకునేటప్పుడు కూడా ఇది వస్తుంది: "రాత్రి నిద్రలో అరిచానట." నా పనే, కానీ నాకు తెలిసింది మా ఆవిడ చెబితే.

మనం, మేము తేడా కూడా అర్థంలో భాగమేనా?

భాగమే. రేవులో "మనం ఈ పంటుకి వెళ్దాం" అంటే మీరు సంచీ తీసుకోవాలి. "మేం ఈ పంటుకి వెళ్తాం" అంటే మీరు ఒడ్డునే.

'ఏ', 'ఊ' చేరిస్తే ఏం మారుతుంది?

రెండూ చెప్పని పేర్లను కూడా మనసులోకి తెస్తాయి. సత్యం అని ఒకతను ఉన్నాడనుకోండి. "సత్యమే వచ్చాడు" అంటే వస్తారనుకున్న మిగతావాళ్ళు రాలేదని, లేదా మనిషిని పంపకుండా స్వయంగా వచ్చాడని. "సత్యమూ వచ్చాడు" అంటే ఇంకెవరో కూడా వచ్చారని. వచ్చింది సత్యమే రెండిట్లోనూ. అతని చుట్టూ ఉన్న గుంపు మారింది. షరతుకి తగిలిస్తే ఇంకా బలం: "నీళ్ళు తీస్తే నారు బతుకుతుంది" అన్నప్పుడు బతకడానికి వేరే దారులు ఉండొచ్చు. "నీళ్ళు తీస్తేనే నారు బతుకుతుంది" అంటే ఇక దారి లేదు.

మా 'ఆయ్', 'అండీ'లకు అర్థముందా, ఉత్త మర్యాదేనా?

"పంటు వచ్చింది", "పంటొచ్చిందండి". రెండూ నిజమయ్యేది ఒకే పరిస్థితిలో. కాబట్టి 'అండి' సత్య నిబంధనల్ని ముట్టుకోదు. అలాగని అర్థం లేదనడం తప్పు. 'అండి' పెట్టాల్సిన పెద్దాయన దగ్గర మానేస్తే అబద్ధం చెప్పినట్టు కాదు, కానీ ఏదో తప్పు చేసినట్టు అందరికీ తెలుస్తుంది. ఒక మాట ఎప్పుడు నిజమవుతుందన్నది ఒక రకం అర్థం, ఎప్పుడు వాడటం తగుతుందన్నది ఇంకో రకం. మన 'ఆయ్' పూర్తిగా రెండో రకం. పెద్దవాళ్ళు చెబుతుంటే మధ్యమధ్య "ఆయ్... ఆయ్" అంటాం. వింటున్నాను, మీ మాట మీద గౌరవం ఉంది అని. దాన్ని ఖండించడానికి కుదరదు, ఎందుకంటే అది ఏ సంగతినీ ప్రతిపాదించలేదు. నాకు మన భాషలో ఇంతకంటే ముద్దైన మాట లేదు.

## చెప్పకుండా తెలిసేవి

"మళ్ళీ గండి పడిందా?" అని అడిగితే నేను దేనికి ఒప్పుకున్నట్టు?

ఇంతకుముందు ఒకసారి గండి పడిందని. మీరు దాన్ని చెప్పలేదు, ముందే పరిచిన చాపలా దాని మీద కూర్చుని అడిగారు. దీన్ని ప్రిసపొజిషన్ అంటారు. పరీక్ష సులువు: వాక్యాన్ని వ్యతిరేకం చేయండి, ప్రశ్న చేయండి, షరతులో పెట్టండి. "మళ్ళీ గండి పడలేదు", "మళ్ళీ గండి పడిందా?", "మళ్ళీ గండి పడితే ఊరు ఖాళీ చేయాలి." మూడిట్లోనూ పాత గండి అలాగే నిలిచి ఉంది.

'తెలుసు' కూడా ఇంతే. "లాకులు మూశారని అతనికి తెలుసు" అన్నా, "తెలియదు" అన్నా, లాకులు మూసినట్టే. "మూశారని అనుకుంటున్నాడు" అంటే ఆ హామీ పోతుంది.

ఫ్రాన్సుకి రాజే లేని కాలంలో "ఫ్రాన్సు రాజుది బట్టతల" అంటే అది అబద్ధమని 1905లో తత్వవేత్త రసెల్ విశ్లేషణ. అసలు నిజం, అబద్ధం అన్న ప్రశ్నే పుట్టదని 1950లో ఇంకో తత్వవేత్త స్ట్రాసన్ వాదన. నాకు స్ట్రాసన్ చెప్పింది మన వాడుకకు దగ్గరనిపిస్తుంది. సైకిలే లేనివాడితో "నీ సైకిల్ పాడైందా?" అంటే "లేదు" అనడు, "నాకు సైకిలెక్కడిది?" అంటాడు.

వాక్యం నుంచి తప్పక వచ్చేదీ, సూచనగా వచ్చేదీ ఎలా విడదీయాలి?

వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నించండి. "ముగ్గురు దింపువాళ్ళు వచ్చారు" నుంచి "దింపువాళ్ళు వచ్చారు" తప్పక వస్తుంది (దింపువాళ్ళంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాళ్ళు). "ముగ్గురు వచ్చారు, కానీ ఎవరూ రాలేదు" అంటే మాట విరిగిపోయింది. ఇది ఎన్‌టెయిల్‌మెంట్.

"కొంతమంది కూలి తీసుకున్నారు" వింటే మిగతావాళ్ళు తీసుకోలేదనిపిస్తుంది. కానీ "కొంతమంది తీసుకున్నారు, నిజానికి అందరూ తీసుకున్నారు" అంటే ఏదీ విరగలేదు. అనిపించింది మాత్రం రద్దయింది. ఇది ఇంప్లికేచర్. వినేవాడు ఎలా చేరుకుంటాడంటే, అందరూ తీసుకుని ఉంటే అదే చెప్పేవాడుగా, చెప్పలేదంటే కాదేమో అని. మాట్లాడుకునేవాళ్ళు ఒకరికొకరు సహకరించుకుంటారన్న నమ్మకమే దీనికి ఆధారమని తత్వవేత్త పాల్ గ్రైస్ 1967లో చేసిన ఉపన్యాసాల్లో చెప్పాడు. అవి 1975లో అచ్చులోకి రావడం మొదలైంది.

"మా ఇల్లు గోదావరి మీదే" అంటాం. నది మీద ఇల్లేంటి?

శాస్త్రంలో "గంగాయాం ఘోషః", గంగలో గొల్లపల్లె అన్న ఉదాహరణ ఇదే. నీళ్ళ మీద ఇల్లు నిలవదు. నేరుగా వచ్చే అర్థానికి, అంటే అభిధకి, అడ్డం పడింది. అప్పుడు దాని పక్కనున్న ఒడ్డుకి అర్థం జరుగుతుంది. ఇది లక్షణ. మరి "ఒడ్డున" అనొచ్చుగా? "గోదావరి మీదే" అనడంలో ఆ చల్లగాలి, ఆ చేరువ, కొంచెం గర్వం కూడా వచ్చాయి. ఆ అదనం వ్యంజన. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ఇలా సూచనగా అందేదాన్ని ధ్వని అని, కావ్యానికి ఆత్మ అదేనని అన్నాడు. 17వ శతాబ్దంలో మళ్ళీ దీన్ని నిశితంగా తూచినవాడు జగన్నాథ పండితరాయలు. ఆయనది మన ముంగండ అని చెప్పుకుంటాం.

వ్యంజనకు ప్రతిసారీ అడ్డంకి అవసరం లేదు. కోటిపల్లి రేవులో ఎవరో "చీకటి పడుతోంది" అన్నారు. పంటు సరంగుకి అది ఆఖరి ట్రిప్పు. వలవాడికి వల తీసే వేళ. నీళ్ళలో ఆడుతున్న పిల్లలకు ఇంటికి రమ్మని. ముక్తేశ్వరం వెళ్ళాల్సిన బాటసారికి తొందరపడమని. వాక్యం ఏ అడ్డంకీ లేకుండా నేరుగానే అర్థమైంది, దాని మీద ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి మొలిచింది.

"దీపం కొండెక్కింది" లాంటివి ఏ సూత్రానికీ లొంగవు కదా?

లొంగవు. దీపం, కొండ, ఎక్కడం ఎంత కలిపినా ఆరిపోవడం రాదు. ఆ ముక్క మొత్తాన్ని ఒక పదంలా గుర్తుపెట్టుకోవాల్సిందే. సామెతలు వేరు. "కుక్క తోక పట్టుకుని గోదారీదినట్టు" అన్నప్పుడు ప్రతి పదమూ తన అర్థం చెబుతుంది, బొమ్మ కళ్ళముందు కడుతుంది, ఆ బొమ్మను మీరు ఎదుటి సంగతికి పోల్చుకుంటారు. నుడికారంలో భాగాల అర్థం మాయమవుతుంది, సామెతలో భాగాలే బలం. జవాబులో ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

ప్రమాద హెచ్చరిక నిజమా, అబద్ధమా అని అడగొచ్చా?

ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. "ప్రవాహం 13 లక్షలు దాటింది" అన్నది వర్ణన, నిజమో కాదో కొలిచి చెప్పొచ్చు. "రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తున్నాం" అన్నది వర్ణన కాదు, ఆ మాట అనడమే హెచ్చరిక జారీ కావడం. అయితే ఆ అధికారం ఉన్నవాళ్ళు అనాలి. అదే వాక్యాన్ని నేను మా అరుగు మీద నిలబడి అంటే అబద్ధమవదు, చెల్లదు. ఇలాంటి మాటల్ని విడదీసి చూపినవాడు తత్వవేత్త ఆస్టిన్. 1955లో హార్వర్డ్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు, ఆయన పోయాక, 1962లో పుస్తకంగా వచ్చాయి.

## సొంతంగా పని చేసేటప్పుడు

ప్రాజెక్టుకి ఉదాహరణలు ఎక్కడ దొరుకుతాయి?

చేపల మార్కెట్లో, రేవులో, పంపుసెట్టు దగ్గర. ఇంగ్లీషు పుస్తకంలో వాక్యాన్ని తెలుగులోకి మార్చి పెట్టకండి, ఎవరూ అనని వాక్యం దేనికీ సాక్ష్యం కాదు. విన్న వాక్యం పక్కన ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏం జరుగుతుండగా అన్నారో రాసుకోండి. అనకూడని వాక్యాలు కూడా రాసుకోండి. "సరంగు చూశాను" కుదరదన్న సంగతి, కుదిరే వంద వాక్యాలంత విలువైనది.

మా యాసలో రాస్తే మార్కులు పోతాయా?

నేను దిద్దితే పోవు. "ఎల్లొత్తానండి" అన్న వాక్యాన్ని "వెళ్ళి వస్తానండి" అని సవరించి విశ్లేషిస్తే, మీరు విన్న వాక్యాన్ని పారేసి వినని వాక్యాన్ని విశ్లేషించినట్టు. విన్నది విన్నట్టు రాసి, పక్కన అర్థం చెప్పండి.

ఒక వాక్యం ఇచ్చి 'విశ్లేషించండి' అంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు దాన్ని ఎవరన్నారో ఊహించుకోండి. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన మనిషి ఇంటాయనతో, "మళ్ళీ లంకలోకి గోదారొచ్చేసిందటండీ" అన్నాడనుకుందాం.

ఇది నిజం కావాలంటే లంకలో నీళ్ళు ఉండాలి. లంక చుట్టూ గోదారి ఎప్పుడూ ఉంటుంది కదా, మరి 'వచ్చింది' ఏమిటి? కాబట్టి 'గోదారి' ఇక్కడ వరద నీరు. అది లక్షణ. 'మళ్ళీ' వల్ల ఇదివరకు ఒకసారి వచ్చి తగ్గిందని ఇద్దరికీ తెలిసిన సంగతిగా పరిచాడు. 'వచ్చింది' బదులు 'వచ్చేసింది' అనడంలో పని పూర్తయింది, అనుకున్నదానికంటే ముందే అయింది అన్న ఛాయ ఉంది. 'ట' వల్ల తను లంకకి వెళ్ళి చూడలేదు. 'అండీ' వల్ల వినే మనిషి అతనికి గౌరవనీయుడు, వాక్యం నిజానిజాలకు దానితో పని లేదు.

ఇంత రాశాక కూడా ఒకటి మిగులుతుంది. ఇంటాయన గేదెలు లంకలో ఉన్నాయి. పాలమనిషికి అది తెలుసు. గేదెల మాట వాక్యంలో ఎక్కడా లేదు. ఇంటాయన మాత్రం తాగుతున్న కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేసి, పలుపుతాళ్ళు తీసుకుని ఏటిగట్టు వైపు నడిచాడు.